గీకినా పోని వాక్యం

ఎండ ముదిరితే అక్షరాలు తోలుచుట్టలోంచి దిగి నీళ్లకుండ దగ్గరికి వచ్చేవి. యెరూషలేములో గ్రంథాలు రాసేవాళ్ల ఇళ్లన్నిటా ఉన్న బాధే అది. మెషేజబేలు భార్య హోగ్లా రోజూ పిండి కలిపే ముందు నాలుగైదు ఏరి అవతల పెట్టేది.

“ఏమయ్యా, నీ దేవుడి మాటలు మళ్లీ పిండిలో పడ్డాయి. ఆ చుట్ట మీద గుడ్డ కప్పొచ్చుగా?”

“కప్పితే వాటికి ఊపిరాడదే,” అనేవాడు మెషేజబేలు తలెత్తకుండా.

ఒకనాడు సభపెద్ద హషబ్యా వచ్చి పాత చుట్టలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. దేవుడు నడిచి నడిచి అలిసిపోయి, పరాయి జాతి ఆడమనిషి చేతి నీళ్లు తాగి, ఆమె గుడారం నీడన కూర్చున్నాడని ఉందక్కడ.

“దేవుడికి అలుపేమిటయ్యా, దాహమేమిటి? పూర్వం తెలియక రాసుకున్నారు. గీకెయ్. నెలపొడుపునాడు సభలో చదవాలి.”

చదవడం అయ్యాక ఆ సభలోనే పరాయి జాతి భార్యల పేర్లు పిలిచి, పుట్టిళ్లకు పంపేస్తారని ఊరందరికీ తెలుసు. హోగ్లా కోడలు అరిషత్‌ది పరాయివాళ్ల ఊరు అష్డోదు. ఆమెకిప్పుడు ఏడో నెల.

హషబ్యా గుమ్మం దాటగానే మెషేజబేలు కత్తి తీశాడు.

“గీకుతావా?” అంది హోగ్లా.

“మా నాన్న దేవుడికి కాళ్లున్నాయని రాశాడు. వీళ్లు కాళ్లూ లేవు, ఆకలీ లేదంటున్నారు. తేల్చడానికి నేనెవర్ని?”

“ఆకలే లేనివాడికి ఏటా నా పొట్టేలెందుకు మరి?”

అతను ఆ వాక్యాన్ని కత్తితో గీకేశాడు. రాలిన అక్షరాలు నేలంతా తిరిగి తిరిగి, చివరికి అరిషత్ మెడ మీదికి ఎక్కాయి.

“దులిపినా దిగట్లేదత్తా.”

“నాకెందుకు చెబుతావు? మీ మామనడుగు. ఈ ఇంట్లో మనుషుల మాటా వినరు, అక్షరాలూ వినవు.”

నెలపొడుపునాడు అరిషత్ మూట కట్టుకుని వచ్చి, సభ జరిగే నీటిగుమ్మం ముందు అత్త పక్కనే కూర్చుంది. హోగ్లా కొడుకు ఇద్దరి వెనకా తల వంచుకుని నిలబడ్డాడు. వాణ్ణి చూస్తే హోగ్లాకు ఒళ్లు మండింది. తండ్రి పోలికే.

హషబ్యా చెక్కమెట్టు ఎక్కి చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి అక్షరాలు అరిషత్ మెడ దిగి, వరసకట్టి బయలుదేరాయి. కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. అవి మెట్టెక్కి, చుట్టలో ఖాళీగా ఉన్న చోట సర్దుకున్నాయి. చదువుతున్న ఊపులో హషబ్యా ఆ వాక్యాన్నీ గట్టిగా చదివేశాడు.

చదివి ఆగాడు. మళ్లీ ఒకసారి, తనలో తాను చదువుకున్నాడు. జనంలో ఎవరో ముసలావిడ, “అవును, మా అమ్మ కూడా ఇలాగే చెప్పేది,” అంది.

పేర్ల పట్టీ ఆయన చేతిలోనే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు.

“ఎండెక్కింది. మిగతాది రేపు,” అని దిగిపోయాడు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నెల గడిచినా ఎవరూ వెళ్లి అడగలేదు.

అరిషత్ మాత్రం మూట గుమ్మం పక్కనే ఉంచింది. ఒక పొద్దున హోగ్లా ఓపిక నశించింది.

“విప్పవే దాన్ని. నా రొట్టెల పెనం కూడా అందులోనే కట్టేశావు. ఇన్నాళ్లూ పక్కింటావిణ్ణి అరువడుగుతున్నాను.”