లగారులో పాలు పొంగిన రోజు

గోడ పగులులోకి తాపీ అంచుతో సున్నం కూరుతున్నాడు ఎంకన్న. పెద్ద యుద్ధం ముగిసిన ఏడాది రైళ్ళు కొత్త స్టేషనుకు మళ్ళిపోవడంతో ఈ చెరకు దీవిలోని కాంప్ ద మాస్క్ ఊరి పాత స్టేషను పాడుబడింది. ఊళ్ళో దాన్ని ఇంకా ఫ్రెంచి మాటలో లగారు, అంటే స్టేషను, అనే పిలుస్తారు. కప్పు తుపానుకు పోయింది, తలుపులు పొయ్యిల్లోకి పోయాయి. బాగుచేసుకున్నవాళ్ళు వాడుకోవచ్చన్నాడు రైల్వే దొర. పగలు బడికీ సాయంత్రం రామభజనకూ కావాలని తెలుగువాళ్ళు అడిగారు. చెరకుతోటలో కూలీలను తోలే సర్దారు గోవిందు కంచరగాడిదలకు అడిగాడు. అతని భాషలో అడగడమంటే కర్ర చూపించడం.

ఎంకన్న గొప్ప పనివాడేం కాదు. అతను కట్టిన గోడ వంకర ఇంకొకడొచ్చి తీయాల్సిందే. వంగిన భుజాలు, సున్నం తిన్న వేళ్ళు, ముందు పళ్ళు రెండు లేవు. అవి ఈ ప్లాట్‌ఫారం మీదే ఊడాయి. కుర్రతనంలో, సర్దారు కొడుతున్నాడని పట్నంలో దొరలకు చెప్పుకోవడానికి పోర్ట్ లూయిస్ రైలెక్కబోతే, గోవిందు జుట్టు పట్టి లాగి మొహాన్ని రాతి అంచుకేసి కొట్టాడు. రైలు వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఎంకన్న ఎవరి ముందూ తలెత్తలేదు.

ఇవాళ కప్పు పూర్తయింది. ఇక పాలు పొంగితే లగారు తమదైనట్టే. గోవిందూ తెలుగువాడే. పాలు పొంగిన చోట పశువుల్ని కట్టే ధైర్యం అతనికీ లేదు. అందుకే పొంగకముందే నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు.

టిక్కెట్ల గదిలో మూడు రాళ్ళ మీద కొత్త కుండ. ఎంకన్న భార్య అమ్మాయమ్మ ఎండు చెరకాకు ఎగదోస్తోంది. వాకిట్లో కర్రలు లేచాయి. భజన పంతులు చిన్నయ్య మోచెయ్యి విరిగిన చప్పుడు లోపలికి వినిపించింది. మిగతావాళ్ళు చెరకులో పడి పరుగెత్తారు. ఎంకన్న తాపీని పగులులోనే వదిలేసి వచ్చి, పొయ్యికి అడ్డంగా కూర్చుని కుండ మీదికి వంగాడు.

“లెగరా ఎంకా. అలే, నడు బయటికి,” అన్నాడు గోవిందు.

“కొట్టు సర్దారు బాబూ. పాలింకా పొంగనేదు.”

కర్ర భుజం మీద పడింది, మెడ మీద పడింది, తల మీద పడింది. చెవి వెనకనుంచి కారిన నెత్తురు మోచేతి సున్నంలో కలిసింది. ఎంకన్న ఏడ్చాడు, బూతులు తిట్టాడు, గోవిందు తల్లినీ వదల్లేదు. లేవడం మాత్రం లేవలేదు. అమ్మాయమ్మ మండుతున్న చెరకాకు గుప్పెడు లాగి గోవిందు మొహాన కొట్టింది. మీసం కాలి కంపు లేచింది. అతను ఆమెను కడుపులో తన్ని మళ్ళీ కర్రెత్తాడు.

అప్పుడు పొంగాయి పాలు. అంచు దాటి తూర్పువైపు దిగి నిప్పుల మీద చుయ్యిమన్నాయి.

ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగింది. గుమ్మంలో అతని మనుషులు చెప్పులు విడిచారు. గోవిందు తన జోళ్ళ వంక చూసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాటాడు. మనిషిని చావబాదుతుంటే రాని భక్తి అప్పుడొచ్చింది మహానుభావుడికి.

“పొంగినాయయ్యా. సూడు,” అంది అమ్మాయమ్మ, పొట్ట పట్టుకుని లేస్తూ.

ఎంకన్న గోడకు చేరగిలబడి ఉన్నాడు, కళ్ళు కుండ మీదే. ఆమె కొబ్బరిచిప్పతో పాలు ముంచి, ఊది, పెదాలకు ఆనించింది. పాలు పళ్ళు లేని సందులోంచి గడ్డం మీదికి జారాయి. కొంగుతో తుడిచి మళ్ళీ పట్టింది. మళ్ళీ జారాయి, గుటక పడలేదు, రెప్ప కదల్లేదు. అప్పుడు చిప్ప కింద పెట్టి అతని తల తన ఒళ్ళోకి లాక్కుంది.

ఎదుటి గోడలో పగులు సగమే నిండింది. ఆ సగంలో గుచ్చినచోటే నిలిచి ఉంది తాపీ, చుట్టూ సున్నం గట్టిపడుతోంది.