చెయ్యి చాపితే అందే ఎత్తు

మా ఆయనది కొయ్యపని. ఊళ్లో సగం వంటిళ్లలో అల్మారాలు ఆయన చేసినవే. మా వంటింట్లోదీ అంతే. కాకపోతే అందులో పై అర నాకు అందదు. "చెయ్యి చాపితే అందేట్టే పెట్టాను కదా" అంటారు. ఎవరి చెయ్యో మాత్రం చెప్పరు. ఆయన తాటిచెట్టంత మనిషి, నేను ఆయన భుజం దాకా కూడా రాను. పోయిన నెల స్టూలెక్కి జారిపడ్డాను. నడుం నొప్పి తగ్గింది గానీ కోపం తగ్గలేదు. అర కిందికి దించమంటే, ఎప్పటిలాగే "చూద్దాంలే" అన్నారు.

ఈలోగా కస్టమర్లు చెక్క కోయకముందే అల్మారా బొమ్మ కంప్యూటర్లో చూపించమని ప్రాణం తియ్యడం మొదలుపెట్టారు. దాంతో ఒక ఆదివారం పొద్దున్నే ఆయన డెస్క్‌టాప్ ముందు కూర్చుని త్రీడీ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేశారు. ఇన్‌స్టాల్ చెయ్యబోతే చాంతాడంత షరతులు వచ్చాయి. కింద 'అంగీకరిస్తున్నాను' అని ఓ బటన్.

"చదవకుండా ఎలా ఒప్పుకుంటామే?"

"నన్ను చేసుకునేటప్పుడు చదివే ఒప్పుకున్నారా? నొక్కండి."

నొక్కారు. దాంతోపాటు వచ్చిన మొదటి పాఠం వీడియో ఇద్దరం చూశాక, తెర మీద ఖాళీ నేల, దాని మధ్యలో ఒక మనిషి బొమ్మ.

"ఎవడే వీడు?"

"ఎత్తు పోల్చుకోడానికట. మొదటి పాఠంలో చెప్పారు, మీరు ఆవులిస్తున్నప్పుడు."

చెయ్యి తిరగాలంటే తెలిసిన గదితోనే మొదలుపెట్టాలని, మా వంటిల్లే గీశారు. కొలతలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నేల మీద గీత గీసి మౌస్‌తో పైకి లాగితే గోడ లేచింది. అల్మారా వచ్చింది, పై అరా వచ్చింది. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. "వీణ్ణి చివర్లో తెచ్చి నిలబెడతా" అంటుండగానే ఫోన్ మోగింది. మాట్లాడుతూ బయటికి వెళ్లారు.

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ మనిషి మీద నొక్కి, ఎత్తు దగ్గర నా ఎత్తు కొట్టి, ఏమీ ఎరగనట్టు లేచి నిలబడ్డాను.

ఆయన తిరిగొచ్చి బొమ్మను అల్మారా ముందుకు జరిపారు. మొహం చిట్లించారు.

"అయ్యో పాపం! మునివేళ్ల మీద నిలబడ్డా అందేట్టు లేదు. ఈ అర ఇంత పైన పెట్టిన బుద్ధిలేనివాడెవడే?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కున్నాను.

కొలత తప్పిందేమోనని టేపు తీసుకుని వంటింట్లోకి పరిగెత్తారు. అర కొలత సరిగ్గానే ఉంది. వచ్చి బొమ్మను కొలిచారు. "నాలుగడుగుల పదంగుళాలు" అని పైకే చదివి ఆగిపోయారు. మెల్లగా నా వైపు తిరిగి, చెక్క కొనేముందు చూసినట్టు, కింది నుంచి పైదాకా చూశారు.

"నువ్వేనా ఈ పని చేసింది?"

"బుద్ధిలేనివాడెవడో తెలిసిందా?"

ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, నన్ను మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లారు.

"చెయ్యి చాపు."

చాపాను. నా వేలికొస దగ్గర గోడ మీద గీత గీశారు. ఆ గీతకీ పై అరకీ మధ్య జానెడు పైనే ఖాళీ. ఆ ఖాళీలో ఆయన తన జాన పెట్టి చూశారు. ఆ మొహం చూస్తే నాక్కూడా జాలేసింది.

"ముందే చెప్పొచ్చు కదే" అన్నారు, గొంతు తగ్గించి.

"చెప్పాను. చూద్దాంలే అన్నారు. ఇవాళ చూశారు."