చింపిరి జుట్టు వంశం

సముద్రం ఒడ్డున మా ఇనిషోవెన్‌లో ఏ తలుపు తట్టినా క్విగ్లీలే. అందరిలోకీ ఇంటిపేరంటే ప్రాణం పెట్టేవాడు పబ్బు నడిపే యూనన్ క్విగ్లీ. మనిషి నిలువెత్తు, మాట గంభీరం, నెత్తిన మాత్రం ఒక్క వెంట్రుక లేదు.

"క్విగ్లీ అంటే ఇనుప కత్తి. మా మూలపురుషుడు దోచుకోడానికొచ్చిన వైకింగుల్ని ఒంటిచేత్తో సముద్రంలోకి తరిమాడు!" అని బీరు పోస్తూ చెప్పేవాడు. మధ్యాహ్నం పడవెడు ఉన్న వైకింగులు సాయంత్రానికి ఓడలకొద్దీ అయ్యేవారు.

ఆ ఏడు జూన్‌లో క్విగ్లీలంతా కలిసి విందు చేసుకుని, వంశానికో పెద్దను ఎన్నుకోవాలనుకున్నారు. యూనన్ వెంటనే కొత్త కోటు కుట్టించుకున్నాడు. అక్కడితో ఆగక, తన కత్తి కథకు బలం చేకూరుతుందని డెర్రీ పట్నం నుంచి మా పాత భాష గేలిక్ చెప్పే మేష్టారిని పిలిపించి, పబ్బులో ఉపన్యాసం పెట్టించాడు.

మేష్టారు టీ తాగి గొంతు సవరించుకున్నాడు. "అసలు పేరు 'ఓ కోగ్లీ'. ఉన్ని వడికేటప్పుడు పీచంతా ఒక కర్రకి చుట్టి పెడతారు చూడండి, దాన్ని కోగల్ అంటారు. ఆ పీచులాంటి చింపిరి జుట్టున్నవాడికి ఈ పేరు పడి ఉంటుందని పెద్దల ఊహ."

"మరి కత్తి?" అన్నాడు యూనన్ నీరసంగా.

"కత్తి లేదండీ. ఆయన దగ్గర దువ్వెన కూడా ఉన్నట్టు లేదు."

పబ్బు పబ్బంతా గొల్లుమంది. యూనన్ బావమరిది కాహల్ ములిగన్ బల్ల చరిచి మరీ నవ్వాడు. "బావా! మీ మూలపురుషుడు నీ గుండు చూస్తే అద్దమనుకుని మొహం చూసుకుంటాడు!"

"నోరు ముయ్యరా! మేష్టారూ, ములిగన్ అంటే ఏమిటో అదీ చెప్పండి."

"బోడితల," అన్నాడు మేష్టారు.

కాహల్ గబుక్కున తన తుప్పలాంటి జుట్టు తడుముకున్నాడు. యూనన్ భార్య డింప్నాదీ తమ్ముడి జుట్టే. దువ్వెనలు విరిగిపోయేవి తప్ప అది లొంగేది కాదు. "అయితే మన పెళ్లిలో తలలు తారుమారయ్యాయన్నమాట," అంది గ్లాసులు తుడుస్తూ.

ఇంతలో అందరికంటే పెద్దదైన రోషా పెద్దమ్మ చేతికర్ర నేలకి కొట్టింది. "ఇంక ఎన్నిక దేనికర్రా? ఎవరి జుట్టు బాగా చింపిరిగా ఉంటే వాళ్లే పెద్ద!"

ఆ మాట అందరికీ నచ్చేసింది, ఒక్క యూనన్‌కి తప్ప. అతని పెదనాన్న కొడుకు హ్యూయీకి భుజాల దాకా జుట్టు. అతను ఆ రోజు నుంచే దువ్వుకోవడం మానేశాడు.

యూనన్‌కి అన్నం సహించలేదు. చివరికి పక్కింటివాళ్లు గొర్రెకి బొచ్చు కత్తిరిస్తుంటే కాస్త అడిగి తెచ్చి, పాత టోపీకి కుట్టి, విందు రోజు నెత్తిన పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, గొర్రె కంపు కొడుతున్నావు," అంది డింప్నా.

"ఇది పూర్వీకుల వాసనే. నీకేం తెలుసు!"

కొండ పక్క పచ్చికలో అందరూ చేరారు. పోటీదారులు వరసగా నిలబడ్డారు. యూనన్ ఠీవిగా నించున్నాడు. ఎక్కడినుంచో ఓ గొర్రెపిల్ల తల్లి వాసన పసిగట్టి "మే" అంటూ పరుగెత్తుకొచ్చి అతని కాళ్లకి చుట్టుకుంది. అతను పక్కకి జరిగితే అదీ జరిగింది. నడిస్తే నడిచింది.

"ఎవరిదిరా ఆ పిల్ల?" అంది రోషా పెద్దమ్మ.

"తెలీదు పెద్దమ్మా. నా మొహం నచ్చినట్టుంది."

దాన్ని నెట్టేద్దామని వంగాడు. అంతే! గొర్రెపిల్ల లటుక్కున టోపీ పట్టి లాగి, కింద పడేసి, పాలకోసం దాన్ని మూతితో పొడవసాగింది. ఎండలో యూనన్ గుండు తళతళలాడింది. జనం పొట్టలు పట్టుకున్నారు.

హ్యూయీ నవ్వుతూ ముందుకొచ్చి, పెద్దకి పెట్టే పూలకిరీటం కోసం తల వంచాడు. పెద్దమ్మ ఆ జుట్టులో వేళ్లు పెట్టి వెతికి, క్లిప్పొకటి బయటికి లాగింది. "చింపిరి జుట్టుకి క్లిప్పెందుకురా దొంగవెధవా? ఉంగరాలు తిప్పుకుంటున్నావా?"

సరిగ్గా అప్పుడే డింప్నా గరిటెతో వంటల గుడారంలోంచి బయటికొచ్చింది. తెల్లారకముందు నుంచీ కూర వండుతూ, సోడా రొట్టెలు కాలుస్తూ ఉందేమో, జుట్టు నాలుగు దిక్కులకీ లేచి ఉంది. అందులో పిండి, పిండిలో బంగాళాదుంప తొక్కలు.

"ఏమైంది? ఎందుకలా చూస్తున్నారు?"

రోషా పెద్దమ్మ కిరీటం తీసుకెళ్లి ఆమె నెత్తిన పెట్టింది.

"అయ్యో, నేను ములిగన్ల పిల్లని కదా పెద్దమ్మా!"

"ఇన్నేళ్లు క్విగ్లీల కడుపులు నింపావు. ఇంకేం కావాలే?"

యూనన్ సిగ్గుతో చచ్చిపోతూ నేల చూస్తున్నవాడల్లా తలెత్తాడు. పెళ్లాం ఆ కిరీటంలో నిజంగానే రాణిలా ఉంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతనే.

వంశపెద్ద డింప్నా గరిటె పైకెత్తి మొదటి ఆజ్ఞ జారీ చేసింది. "ఇవాళ నేను గిన్నె ముట్టను. మగాళ్లందరూ తోమండి!"

హ్యూయీ గొణిగాడు. కాహల్ తప్పించుకోబోయి దొరికిపోయాడు. యూనన్ మాత్రం కొత్త కోటు విప్పి పక్కన పెట్టి, కూర అంటుకున్న పెద్ద గిన్నెలో భుజాల దాకా దూరి, లోపలినుంచే కేకేశాడు:

"పెద్దగారూ! సబ్బు అయిపోయింది!"