ఖాళీగా ఉన్న నలభై ఒక్కమంది

"ఆ నవ్వులన్నీ తీసెయ్. పందుల గోల కూడా. అవి సమాచారం కాదు" అన్నాడు వెయ్‌హాన్ పేపరు లోంచి తలెత్తకుండానే. యూలియాన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బీన్స్ ఈనెలు తీస్తోంది. మధ్యమధ్య చేతులు తుడుచుకుని, పల్లెల్లో రికార్డు చేసుకొచ్చిన మాటలు విని టైపు చేస్తోంది. పదహారేళ్ళుగా ఇదే వరస. వెయ్‌హాన్ చోంగ్‌చింగ్‌లో సమాజశాస్త్రం ప్రొఫెసరు, చైనా పల్లెల మీద పుస్తకాలు రాస్తాడు. పల్లె యాస మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు మహానుభావుడికి! యూలియాన్ పుట్టింది ఆ పల్లెలున్న కొండల్లోనే. ఆడవాళ్ళ మాటల్ని ఆమె పుస్తకభాషలోకి మార్చి ఇస్తే, ఆయన దాని మీద సిద్ధాంతం నిలబెడతాడు. "మా కోడలి మోటు యాస కూడా మావాడికి పనికొచ్చింది చూడండి" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో యూలియాన్‌కి ఇప్పటికీ తేలలేదు.

ఈసారి పుస్తకం, మగవాళ్ళు నగరాలకు పోయాక ఊళ్ళో ఉంటున్న ఆడవాళ్ళ గురించి. "మీరేం పని చేస్తారు?" అన్న ప్రశ్నకు నలభై ఒక్కమందీ ఒకే జవాబు చెప్పారు: "ఏముంది బాబూ, ఖాళీగా కూర్చున్నా." వెయ్‌హాన్ నలభై ఒక్క గళ్ళలో 'పని లేదు' అని వేశాడు. సోమవారం అచ్చుకి వెళ్తుంది.

చెవిలో ఖాళీగా కూర్చున్నానంటున్న ఆడగొంతు వెనకాల టకటకమని కత్తి చప్పుడు. యూలియాన్ చేతులు ఆగిపోయాయి. ఆ ఊళ్ళలో గడప తొక్కిన మనిషితో పనుందని ఎవరంటారు? అంటే పొమ్మన్నట్టే. నడుం విరిగిపోతున్నా సరే, ఖాళీయే, రండి కూర్చోండి అనాలి. అమ్మ అలాగే అనేది. తనూ వెయ్‌హాన్ స్నేహితులతో అలాగే అంటుంది. అంత తెలిసీ, 'పని లేదు' అని ఈ చేతుల్తోనే పుస్తకభాషలోకి మార్చి టైపు చేసిందే! ఆమెకి సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

చెబితే వెయ్‌హాన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అది నీ అనుభవం. పరిశోధన వేరు."

"అయితే పద, చూద్దాం" అంది. శనివారం పొద్దున్నే బస్సెక్కించింది.

ఆ నలభై ఒక్కమందిలో ఒకరైన రన్ పెద్దమ్మ మనవణ్ణి వీపున బుట్టలో మోస్తూ, వాకిట్లో పందుల కోసం చిలగడదుంప తీగలు తరుగుతోంది. వాళ్ళని చూడగానే కత్తి పక్కన పెట్టేసింది. వెయ్‌హాన్ అడిగాడు. "ఏం పని బాబూ, ఖాళీయే!" అంది పెద్దమ్మ. నలభై ఒక్కసార్లు విన్న ఆ ఒక్క మాట మాత్రం అర్థమై, చూశావా అన్నట్టు భార్య వైపు చూశాడాయన.

యూలియాన్ ఏమీ అడగలేదు. పీట లాక్కుని, రెండో కత్తి తీసుకుని తీగలు తరగడం మొదలెట్టింది. పనిలో చెయ్యేసిన మనిషి ఇక చుట్టపుచూపు మనిషెలా అవుతుంది?

"సన్నంగా తరుగే పిల్లా, దున్నపోతులకా వేస్తున్నాం!" అంది పెద్దమ్మ. అంతే, మాట మొదలైంది. నాలుగింటికి లేవడం, కొండెక్కి మొక్కజొన్న దించడం, మూడు పందులు, ఇద్దరు మనవలు, మంచాన పడ్డ మామగారు, కిందటి వానకి కూలిన గోడ తనే కట్టుకోవడం. "మావాడు ఫోన్లో అంటాడూ, ఇంట్లో హాయిగా ఉన్నావని. హాయేరా నాయనా, ఇటొచ్చి పడు అన్నాను!" పక్కిళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి చేరారు. ఒకళ్ళని మించి ఒకళ్ళు చెబుతుంటే వాకిలంతా నవ్వులు. పదహారేళ్ళుగా తను చెరిపేసిన నవ్వులే ఇవి. యూలియాన్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. ఎంత సంతోషమేసిందంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమంటున్నారు? ఏమంటున్నారు?" అని వెయ్‌హాన్ ఒకటే గోల.

"సావకాశంగా చెబుతాలే."

"మరి సోమవారం..."

"సోమవారం పంపడానికేమీ లేదు, ప్రొఫెసర్ గారూ. ఆ గళ్ళ కాగితాలు నేను చించేస్తున్నాను. ఇంకా నలభై ఇళ్ళున్నాయి. అడిగేది నేను, రాసేది నేను. అట్ట మీద పడేది తాన్ యూలియాన్ అన్న పేరు."

 పక్కింటావిడ అప్పటికే యూలియాన్ చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఆమె లేచి, కత్తి ఆయన చేతిలో పెట్టింది.

"నేనొచ్చేసరికి ఆ మోపు పూర్తి చెయ్యి. సన్నంగా తరగాలి సుమా!"