మిసిసిపీకి పడమట

దీక్షిత గదిలోకి అడుగుపెట్టేసరికి మిసిసిపీ నదికి పడమట ఒక్క మనిషి కూడా మిగల్లేదు.

భుజం మీది క్యాంపు బ్యాగు జారి నేల మీద పడింది. మూడు రోజుల కింద పులావ్ ఉబిన్ దీవిలో స్కూలు క్యాంపుకి బయల్దేరే ముందు బల్ల దగ్గర నిలబడి అంతా ఒకసారి చూసుకుని మరీ తలుపు వేసింది. అప్పుడు అందరూ ఉన్నారు. చెక్క పలక మీద అమెరికా పటం. మధ్యలో నీలం రంగు నది. నదికి తూర్పున తెల్లవాళ్ళ ఊళ్ళు, చర్చీలు. పడమట బంకమట్టి గుడారాలు, వాటి ముందు వేలెడంతేసి మూలవాసి మనుషులు. నీళ్ళు మోసేవాళ్ళు, మొక్కజొన్న దంచేవాళ్ళు, బిడ్డని వీపుకి కట్టుకున్న తల్లులు.

ఇప్పుడు అక్కడ పచ్చరంగు నేల నున్నగా మెరుస్తోంది. దాని మీద బొమ్మ రైలు పట్టాలు. కొండ కింద సొరంగం. చిన్న చిన్న స్టేషన్లు, వాటికి మిణుకుమిణుకుమనే లైట్లు.

"మమ్మీ!"

ఆ కేకకి శ్యామలాదేవి చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. బల్ల వైపు చూసి నోరు తెరిచింది.

"నేను ఈ గదిలోకే రాలేదే! తాకొద్దన్నావుగా. ఆఫీసులో ఆడిట్ పెట్టి చంపుతున్నారు, ఇవాళ తప్ప ఈ వారమంతా నేను ఇంటికి నిద్రపోవడానికే వచ్చాను."

"మరి ఎవరు వచ్చారు?"

"మొన్న త్రివేణి వచ్చింది, మీ బోర్డుకి బటన్ బిగించాలని. డాడీ తలుపు తీశారంట."

త్రివేణి! పక్క ఫ్లాట్‌లో ఉండే క్లాస్‌మేట్, ఈ పనిలో తన జోడీ.

రేపే స్కూల్లో చరిత్ర ప్రదర్శన. ఈ సాయంత్రంలోగా పలకని హాల్లో అప్పగించాలి. ఎదుగుతున్న అమెరికా పడమటికి విస్తరిస్తూ తనకు తాను ఏమని నచ్చజెప్పుకుంది? అదీ ఇద్దరూ తీసుకున్న విషయం. పలక అంచున ఉన్న ఎర్ర బటన్ నొక్కితే త్రివేణి గొంతు వినిపిస్తుంది. నూట ఎనభై ఏళ్ళ కిందటి నాయకులు, పత్రికలవాళ్ళు, మతబోధకులు చెప్పిన మాటలన్నీ కూర్చి రాసిన ప్రసంగం అది. చూడవచ్చినవాళ్ళు దాన్ని వింటూ పలక వైపు చూడాలి. అంతే. వేరే వివరణ అక్కర్లేదు. చెవి ఖాళీ నేల అని వింటుంది, కంటికి మనుషులు కనిపిస్తారు.

దీక్షిత బటన్ నొక్కింది.

"ఈ ఖండం మనదని దేవుడే నిర్ణయించాడు. ఏటేటా పెరిగే మన జనానికి చోటు కావాలి. అక్కడి నేల దున్నేవాడు లేక ఖాళీగా పడి ఉంది. మన స్వేచ్ఛనీ, మన చదువునీ, మన యంత్రాలనీ అక్కడికి చేర్చడం మన బాధ్యత. అక్కడక్కడా తిరిగేవాళ్ళని ఇంకాస్త పడమటికి పంపితే అది వాళ్ళకే క్షేమం."

పలక మీద నేల నిజంగానే ఖాళీగా ఉంది. గొంతు చెబుతున్న ప్రతి మాటా ఒప్పే అన్నట్టు రైలు స్టేషన్లలో లైట్లు వెలుగుతున్నాయి.

ఆమె విసురుగా బయటికి నడిచింది.

పక్క ఫ్లాట్ ముందు కారిడార్‌లో కుర్చీ వేసుకుని కుమారమ్మ తౌగే మొలకల తోకలు తుంచుతోంది. త్రివేణికి నాయనమ్మ ఆమె. వాళ్ళ తాతల కాలం నుంచీ ఈ చిన్న ద్వీపదేశమే వాళ్ళది. చోవా చూ కాంగ్ పేటలో ఈ బ్లాక్ కట్టినప్పటి నుంచీ ఇదే ఇల్లు. దీక్షిత వాళ్ళు మాత్రం టాంపినీస్ నుంచి మారి ఇంకా రెండేళ్ళు కాలేదు.

"ఏంటమ్మా, నేను నీకు అడ్డమా?" అంది కుమారమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంటూ. "మీ చెప్పుల స్టాండు దినానికి ఒక జాన ఇటు వస్తా ఉంది. నేను కుర్చీ జరుపుకుంటా ఉన్నాను. ఇంకొన్నాళ్ళకి మీ చెప్పులు నా మంచం కింద ఉంటాయి."

"సారీ ఆంటీ. త్రివేణి ఎక్కడ?"

త్రివేణి లోపలి నుంచి కుంటుకుంటూ వచ్చింది. కాలు బెణికి క్యాంపుకి రాలేదు.

"మన వాళ్ళని ఏం చేశావ్?"

"హూ? ఎవరిని?"

"యాక్ట్ చెయ్యకు. మరీ ఎక్కువమంది ఉన్నారు, క్రౌడెడ్‌గా ఉంది అన్నావుగా!"

"అన్నాను లా," అంది త్రివేణి ఇక్కడి యాసలో. "అంటే చంపేస్తానా?"

దీక్షిత ఆమె చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళింది. పలక చూడగానే త్రివేణి మొహం పాలిపోయింది.

"అలమాక్... అయ్యో!" తన చూపుడువేలు దీక్షిత మొహం ముందు పెట్టింది. గోరు పక్కన సూది గుచ్చుకున్న మచ్చలు. "వాళ్ళకి కళ్ళు పెట్టింది ఎవరు? ఒక్కొక్కళ్ళకీ? నేనే పారేశానని నువ్వెలా అనుకున్నావ్? ఐ థాట్ యూ వర్ మై ఫ్రెండ్."

దీక్షిత సారీ అనబోయింది కానీ త్రివేణి అప్పటికే మొహం తిప్పుకుంది.

గుమ్మం దగ్గరికి వచ్చిన కుమారమ్మ పలక వైపు చూసింది.

"మట్టి బొమ్మలా? అదా ఆ చప్పుడు!"

"ఏ చప్పుడు ఆంటీ?" అంది శ్యామలాదేవి.

"నిన్న మధ్యాహ్నం మీ ఆయన లిఫ్ట్ పక్కన చెత్త గొట్టంలో ఒక సంచీ వేసినాడు. తొమ్మిది అంతస్తులూ టకటకటక అని ఒకటే శబ్దం. ఏంప్పా, భార్యాభర్తలు ప్లేట్లు పగలగొట్టుకున్నారా అని అడిగినాను. నవ్వినాడు. లేదాంటీ, పాపకి సర్‌ప్రైజ్ అన్నాడు."

దీక్షిత నాన్న కృష్ణప్రసాద్ నిన్న సెలవు పెట్టాడు. ఒంట్లో బాగోలేదని ఆఫీసుకి చెప్పాడు.

నిన్న మధ్యాహ్నమే కదా! దీక్షిత లిఫ్ట్ వైపు పరుగెత్తింది. బ్లాక్ వెనక చెత్త గది తలుపుకి తాళం ఉంది. బయట నీళ్ళ గొట్టంతో నేల కడుగుతున్న పనివాడు ఆమె అడిగింది విని తలుపు తీసి చూపించాడు. తొట్టి ఖాళీ. కడిగిన తడి ఇంకా ఆరలేదు. లారీ పొద్దునే వచ్చి వెళ్ళిపోయిందని చేత్తో రోడ్డు చూపించాడు. అది ఎక్కడికి వెళుతుందో దీక్షితకి తెలుసు. స్కూలువాళ్ళు ఒకసారి తీసుకెళ్ళి చూపించారు. ఈ ఊళ్ళో చెత్తని దాచి ఉంచరు, కాల్చేస్తారు.

పైకి వచ్చేసరికి త్రివేణి నేల మీద కూర్చుని మిగిలిన బంకమట్టి పిసుకుతోంది. పలకరించలేదు కానీ వెళ్ళిపోనూ లేదు. దీక్షిత పక్కన కూర్చుంది. ఇద్దరూ గబగబా నాలుగైదు బొమ్మలు చేశారు. పచ్చి మట్టి. నిలబెడితే నడుము దగ్గర వంగిపోయాయి. పట్టాలు పీకబోతే బలమైన జిగురు అడ్డం పడింది. ఒక మూల బలంగా లాగితే పట్టాతో పాటు నది ముక్క కూడా ఊడి వచ్చింది.

"ఆపండే. ఉన్నది కూడా పోతుంది," అంది శ్యామలాదేవి. "మీ టీచర్‌కి ఒక ఫోటో పంపి, రెండు రోజులు టైమ్ అడగండి."

త్రివేణి ఫోటో పంపింది. క్షణాల్లో జవాబు వచ్చింది. బొటనవేలెత్తిన బొమ్మ చేయి, మూడు నక్షత్రాలు. రైలు అద్భుతంగా ఉంది, మారుస్తామంటారేంటి, ఇలాగే తీసుకురండి, ఈసారి ప్రైజ్ మన క్లాసుకే!

"చూడు, మిస్‌కి కూడా కనిపించలేదు," అంది త్రివేణి. "వాళ్ళు లేరని ఎవరూ అడగరు. ఎప్పుడూ లేరనే అనుకుంటారు."

దీక్షిత ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండునని అనిపించింది.

పలకని స్కూలుకి తీసుకెళ్ళే టాక్సీకి టైమైంది. అప్పుడే తలుపు చప్పుడైంది. వన్-నార్త్ పేటలోని ఆఫీసు నుంచి కృష్ణప్రసాద్ త్వరగా బయల్దేరి వచ్చాడు. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో రైలుకి రిమోట్.

"ఏరీ మన చాంపియన్లు? చూశారా? ఇంకా అసలు ట్రిక్ చూడలేదు మీరు. ఇది నొక్కితే కూత కూడా వేస్తుంది!"

ఊడి వచ్చిన నది ముక్క కనిపించగానే ఆయన నవ్వు సగంలో ఆగింది.

"ఏమైందే? ఫ్యూజ్ పోయిందా?"

"మనుషులు ఏరండీ?" అంది శ్యామలాదేవి.

"ఏ మనుషులు?"

"మీరు చెత్త గొట్టంలో పారేసిన మనుషులు."

"ఓ, అవా! అదే చెప్తాను..." అంటూ కూతురి వైపు తిరిగాడు. ఆమె ఆయన వైపు చూడటం లేదు. వంగి ఎర్ర బటన్ నొక్కింది. త్రివేణి గొంతు మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. కృష్ణప్రసాద్ ఆ మాటలు వినడం అదే మొదటిసారి. దేవుడి నిర్ణయం దగ్గర తల ఊపాడు. ఖాళీ నేల దగ్గర రిమోట్ బల్ల మీద పెట్టాడు. వాళ్ళకే క్షేమం అనే మాట దగ్గరికి వచ్చేసరికి మంచం అంచున కూర్చున్నాడు.

గొంతు ఆగిపోయింది. 

"నేనే తీశానమ్మలూ," అన్నాడు చివరికి. "నీ బోర్డు చూస్తే తూర్పు వైపు బాగుంది. పడమటి వైపు ఏమీ లేనట్టు అనిపించింది. అవి మనుషులని తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు. కళ్ళు కూడా కనిపించాయి. కానీ మిగతా పిల్లల నాన్నలు లైట్లు పెట్టిస్తారు, మోటార్లు పెట్టిస్తారు, నీది మట్టి బొమ్మలతో వెనకబడిపోతుందని భయం వేసింది. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను. ముందు ఒక్కటి కూడా పారేయాలని లేదు నాకు. పట్టాకి దారి కావాలని ఓ నాలుగిటిని పక్కకి జరిపాను. తర్వాత స్టేషన్‌కి చోటు చాల్లేదు, ఇంకొన్నిటిని జరిపాను. ఇక్కడ పెడితే ఇక కదపనని నాకు నేనే అనుకున్నాను. ఆ తర్వాత సొరంగం పెడితే బాగుంటుందనిపించింది. మళ్ళీ జరిపాను. చివరికి అన్నీ ఆ మూల ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్నిటికి చేతులు విరిగాయి. చూడటానికి అసహ్యంగా ఉన్నాయి. అలా చేసింది నేనే. అయినా వాటి మీదే విసుగొచ్చింది. అప్పుడు సంచీ తెచ్చాను. మధ్యలో నీకు ఫోన్ చేద్దామని ఒకసారి అనుకున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. అడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు."