నల్లరాతి బల్ల మీద జాగ

సువర్ణ చెప్పులు చేత్తో పట్టుకుని మక్కా మసీదు ఆవరణలో నడుస్తోంది, వెనకనున్న చార్మినార్ ఆమె తిరిగి చూసినప్పుడల్లా ఇంకో అడుగు దగ్గరికి జరిగి ఉంటోంది, పావురాలు లేస్తున్నాయి గాని రెక్కల చప్పుడు లేదు. కొలను పక్కన నల్లరాతి బల్ల మీద అక్క పుష్ప కూర్చుని ఉంది. ఏడేళ్ల కిందట ఇద్దరూ ఇక్కడికి వచ్చిన రోజు కట్టుకున్న చీరే కట్టుకుంది. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు ఎప్పటికైనా మళ్లీ వచ్చి కూర్చుంటారని హైదరాబాదులో అంటారు; ఆ రోజు పుష్ప కూర్చుంది, సువర్ణ కూర్చోలేదు. ఆ వానాకాలమే పుష్ప జ్వరంతో పోయింది.

"కడుపుతోని ఉన్న, బండ సల్లగుంటదని కూసోకపోతివి," అంటోంది పుష్ప. "ఇప్పుడేం సాకు చెప్తవ్?"

చనిపోయినవాళ్లు పిలిస్తే పలకకూడదని అమ్మ చెప్పింది. సువర్ణ పలకకుండా చూస్తే అక్క పక్కన ఇంకెవరో ఉన్నారు: స్కూలు బట్టల్లో హాసిని, కాళ్లు నేలకు అందక ఊపుతూ, గుప్పిట్లో పావురాల జొన్నలతో. పొద్దున చార్మినార్ టూరుకని తానే బస్సెక్కించిన కూతురు. అక్క పోయాక పుట్టిన పిల్ల.

సువర్ణ పరుగెత్తుతుంది, పరుగెత్తేకొద్దీ ఆవరణ సాగుతుంది, ఎలాగో చేరి చెయ్యి పట్టి లాగితే చెయ్యి కూడా సాగుతోంది గాని పిల్ల లేవడం లేదు. పుట్టగానే తెచ్చి నా ఒళ్లో పెడతానంటివి గదా, పేరు నన్నే పెట్టమంటివి గదా అని పుష్ప అడుగుతోంది. అన్నం వడ్డిస్తూ మాట్లాడే ఆ గొంతుతోనే అడుగుతోంది. అందుకే సువర్ణకు ఇంకా భయం.

"చూసినవ్ గదక్కా. ఇగ దాన్ని లేపు."

"లేపితే నా పక్కన జాగ ఖాళీ అయితది."

సువర్ణ కూర్చుంటుంది. రాతి చలి నడుము దాకా ఎక్కుతుంది. పుష్ప పిల్ల వీపు తట్టి దింపి పంపించి, చెల్లెలి కొంగు సర్దుతుంది.

"తొందరేం లేదులే. ఎప్పుడొచ్చినా నీ జాగ నీదే."

సువర్ణ కళ్లు తెరిచింది. మధ్యాహ్నం ఉక్కకు ఇంట్లో చాప లేకుండా షాబాదు బండల నేల మీదే పడుకుంది, నడుము పట్టేసింది. టూరు నుంచి వచ్చిన హాసిని గుమ్మం దగ్గర బ్యాగు దించుతోంది. మక్కా మసీదులో బల్ల మీద కూర్చున్నావా అని అడిగితే, టీచర్ కూర్చోనియ్యలేదని, పావురాలకు గింజలు మాత్రం వేశానని చెప్పింది. మిగిలిన జొన్నలు చూపించడానికి గుప్పిట తెరుస్తూ తల్లి పక్కన బండ మీద కూర్చోబోయింది.

"ఆడ కూసోకు," అంది సువర్ణ, చాప కోసం లేస్తూ.