ఇలైతియా తాళం

తీగ మీద మనిషి ఉన్నాడు. కింద స్విచ్ పిడికి ఆ మనిషి తాళం ఉంది. అయినా కోల్టర్ పెద్ద ఇనుప కత్తెరతో ఆ తాళాన్ని పుటుక్కున కోశాడు.

లోయ ఇవతల స్తంభం మొదట్లో పని చేస్తున్న వైసాకే అది కళ్లారా చూశాడు. గొంతు చించుకుని అరిచాడు. కింద ఏరు పొంగి హోరెత్తుతోంది. అరుపు అవతలికి చేరలేదు. స్విచ్ పడింది, తీగలో కరెంటు పారింది. పైన ఇలైతియా విల్లులా వంగి, నడుంపట్టీకి వేలాడిపోయాడు.

లైన్ పనికి ఒకటే కట్టుబాటు. ఎక్కేవాడు, స్విచ్ ఎవరూ వెయ్యకుండా, తన తాళం తనే వేస్తాడు. దిగి తనే తీస్తాడు. ఇంకెవడూ ముట్టుకోడు. కాంట్రాక్టరు తరఫు పెత్తనం కోల్టర్‌ది. ఒడ్డు మీది హోటల్లో విందు, దీపాలు కావాలన్నారు. ముట్టుకున్నాడు.

శవాన్ని దించాక సాయంత్రం అందరూ మత్తు వేరు కలిపిన యంగోనా గిన్నె చుట్టూ కూర్చున్నారు. ఎవరికీ తాగబుద్ధి కాలేదు. కోల్టర్ వచ్చి నిలబడ్డాడు.

"వాడు తాళం వెయ్యడం మర్చిపోయాడు. పోలీసులకి అందరూ ఇదే చెప్పాలి. పొద్దున్నే మళ్లీ పని. కాదన్నోడికి పడవ లేదు."

తుపానుకి వంతెన కొట్టుకుపోయింది. కొండ దిగాలన్నా, బియ్యం రావాలన్నా కాంట్రాక్టరు పడవే దిక్కు.

అతను వెళ్లాక ముసలి పోనిపాతే నిట్టూర్చాడు. "బోనులో పడ్డ ఎలకలం. ఏం చేస్తాంరా?"

"నోరు మూసుకుని ఎక్కు మామా," అన్నాడు సెమీ. "రేపు నీ తాళం కోస్తాడు. నువ్వూ మర్చిపోయావనే చెప్తాం."

"పిల్లల తిండి నువ్వు పెడతావేంరా?"

"చచ్చి నువ్వు పెడతావా?"

చనిపోయింది వైసాకే చెల్లెలి మొగుడు. పొద్దునే ఇలైతియా అతన్ని వేళాకోళమాడాడు: "బావా, నువ్వెక్కితే స్తంభమే దణ్ణం పెడుతుంది." ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది.

అప్పుడు శవం దగ్గర్నుంచి చెల్లెలు ఆకానిసి లేచి వచ్చింది. చేతిలో తెగిన తాళం.

"అన్నా, దీన్ని ఆయనే కదా తియ్యాలి? ఆయన తియ్యలేదు. అంటే ఇంకా వేసే ఉన్నట్టు. అవునా కాదా?"

ఎవరూ కాదనలేదు.

తెల్లారింది. స్విచ్ ఆపి, దాని పిడికి తెగిన తాళాన్ని తీగతో కట్టారు. దాని పక్కన అందరి తాళాలూ వేశారు. తలో స్తంభం ఎక్కి తీగ పట్టుకు కూర్చున్నారు. కింద ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది.

"దిగండ్రా! ముందు దిగినోడికే పడవ!" కోల్టర్ కేకేశాడు.

"కత్తెర తెచ్చావుగా దొరా," పైనుంచి పోనిపాతే అరిచాడు. "కొయ్యి. అందరం మర్చిపోయామని చెబుదువులే!"

కోల్టర్ చెయ్యి లేవలేదు. మధ్యాహ్నానికి పోలీసుల పడవొచ్చింది. నిచ్చెనేసి వైసాకేని లాగి దించారు.

"నువ్వే కదా వీళ్లకి పెద్దవి? తాళంచెవి ఇయ్యి."

"ముందు మా బావని తన తాళం తియ్యమనండి సార్. తర్వాత నాది తీస్తా."

బేడీలేసి పడవెక్కించారు. నడి ఏట్లో వైసాకే వెనక్కి చూశాడు. అందరి స్తంభాల మీదా మనుషులున్నారు. తనదే ఖాళీ.

దాని కింద నల్లబట్టల్లో ఆకానిసి. తన పెట్టె తాళం స్విచ్‌కి వేసి వచ్చింది. మొగుడి నడుంపట్టీ బిగించుకుంది.

ఎక్కడం మొదలెట్టింది.